ఎర్రమలలో పడిన వాన ఎటు పోతోందో ముందు తెలుసుకోండి: గనుల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ గనులు, భూగర్భ వనరుల శాఖ మంత్రి గారికి నమస్కారం.

అయ్యా,

నంద్యాల జిల్లా ఎర్రమల కొండల్లో, వాటి పాదాల్లో సున్నపురాయికీ నాపరాయికీ కొత్త లీజులు ఇచ్చే ముందు, ఆ కొండ మీద పడిన వాన లోపల ఎటు పోతోందో చూపే పటం ఒకటి తయారు చేయించండి. లీజు దరఖాస్తు వచ్చినప్పుడు ఆ పటం ముందు పెట్టుకుని ఇవ్వాలో వద్దో తేల్చండి. ఈ ఉత్తరంలో నేను ముఖ్యంగా అడిగేది ఇదే. మిగతాదంతా ఎందుకు అడుగుతున్నానో చెప్పుకోవడానికి రాస్తున్నాను.

నేను బనగానపల్లె ప్రాంతంలో పుట్టి పెరిగినవాణ్ణి. భూగర్భశాస్త్రం చదువుకుని, ఆ పాఠమే చెప్పుకుంటూ బతికాను. మా వైపు పాత ఇళ్ళలో నేల నాపరాయి, గోడ నాపరాయి, పైకప్పూ నాపరాయే. దొడ్డి చుట్టూ కంచెగా నిలబెట్టేది కూడా అదే. మా బంధువుల్లో గనుల్లో పలుగు పట్టినవాళ్ళున్నారు, పాలిష్ ఫ్యాక్టరీలో మిషన్ దగ్గర నిలబడి ముసలివాళ్ళైనవాళ్ళున్నారు. బేతంచెర్ల నుంచి అవుకు, కొలిమిగుండ్ల మీదుగా తాడిపత్రి దాకా ఈ రాయి అన్నం పెట్టని వీధి లేదు. కాబట్టి గనులన్నీ మూసేయమని నేను అడగను, అడిగే హక్కూ నాకు లేదు. ఎక్కడ తవ్వినా ఫరవాలేదు, ఎక్కడ తవ్వితే పదూళ్ళ నీళ్ళు పోతాయి అన్న తేడా తెలుసుకుని తవ్వమంటున్నాను. ఈ రాయి విషయంలో ఆ తేడా పైనుంచి చూస్తే కనపడదు.

ఎర్రమల పెద్ద ఎత్తయిన కొండలేం కావు. తూర్పున కుందూ లోయ, ఆ లోయ దాటితే నల్లమల. బనగానపల్లె నుంచి యాగంటి వెళ్ళే దారిలో కొండ పైభాగం బల్లపరుపుగానూ, అంచులు నిటారుగానూ కనిపిస్తాయి. అలా ఉండడానికి కారణం రాళ్ళ వరుస. ఆ వరుసను 1872లో భారత భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ వివరంగా రాసిపెట్టాడు. అప్పుడు పెట్టిన పేర్లే ఈరోజుకీ నడుస్తున్నాయి. అన్నిటికంటే అడుగున బనగానపల్లె క్వార్ట్‌జైట్, అంటే ఇసుకరాయి బిగిసి గట్టిపడిన రాయి. వజ్రాలు దొరికిన గులకరాళ్ళ పొర అందులోదే. దాని మీద నార్జి సున్నపురాయి. మనం నాపరాయి అనేదీ, కడప బండ అని దేశమంతా కొనేదీ ఎక్కువగా ఇదే. ఆ పైన పలకలు పలకలుగా చీలిపోయే మెత్తని అవుకు షేల్. కొండ మీద అన్నిటికీ పైన గట్టి పాణ్యం క్వార్ట్‌జైట్. వానకూ గాలికీ లొంగని ఆ గట్టిరాయి పైన నిలబడి ఉంది కాబట్టే కొండ నెత్తి చదునుగా మిగిలింది. ఇంకో సున్నపురాయి, కోయిలకుంట్ల పేరు పెట్టుకున్నది, వరుసలో దానికంటే పైది, కుందూ లోయలో నల్లరేగడి కింద పరుచుకుని ఉంది. మన పల్లెల, పట్నాల పేర్లు ఇలా వరసగా ప్రపంచ భూగర్భశాస్త్ర పుస్తకాల్లో ఉన్నాయని మా పిల్లలకు పాఠం చెప్పిన ప్రతిసారీ నాకు గర్వంగా ఉండేది.

ఈ సున్నపురాయి పుట్టేనాటికి భూమి మీద చెట్టు లేదు, చేప లేదు. ఇక్కడంతా లోతులేని సముద్రం. దాని అడుగున సున్నపు బురద పొర మీద పొరగా పేరుకుంది. ఒక పొరకూ ఇంకో పొరకూ మధ్య సన్నని ఎడం మిగిలింది. తర్వాత భూమి కదలికలకు ఈ పొరలు నిలువునా కూడా చీలాయి. అడ్డంగా పొరల ఎడం, నిలువుగా చీలికలు. గనిలో పనిచేసే మనిషి పలుగు దించేది ఆ ఎడంలోనే. రెండంగుళాల మందం బండ ఒక దెబ్బకు పలకలాగా లేచి వస్తుందంటే ఆ ఎడం పుణ్యమే. కొండలోకి వాన దిగేదీ సరిగ్గా ఆ చీలికల్లోంచే, ఆ ఎడాల్లోంచే. బండ బాగా లేచే చోటూ, నీళ్ళు బాగా పారే చోటూ చాలాసార్లు ఒకటే అవుతాయి. మీ శాఖలో పర్మిట్ ఇచ్చే అధికారి రాయి నాణ్యత చూస్తాడు, మందం చూస్తాడు. ఆ రాయిలోంచి నీటి దారి పోతోందా అని అడిగే గడి దరఖాస్తులో ఉండాలి.

వాననీళ్ళు గాలిలోంచీ, మట్టిలోంచీ బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతాయి. ఆ పులుపు చాలా స్వల్పం, నాలుకకు తెలియదు. గ్రానైట్ మీద అది పెద్దగా పనిచేయదు. సున్నపురాయిని మాత్రం కరిగించుకుపోతుంది. వెంట్రుకంత చీలిక వేల ఏళ్ళకు వేలంత అవుతుంది, వేలంతది మనిషి దూరేంత అవుతుంది. చీలిక వెడల్పయ్యేకొద్దీ ఎక్కువ నీళ్ళు అటే మళ్ళుతాయి, ఎక్కువ నీళ్ళు వచ్చేకొద్దీ అది ఇంకా వెడల్పవుతుంది. చివరికి కొండలోపల కొన్నే పెద్ద దారులు మిగిలి, చుట్టూ పడిన వానంతా వాటిలోకి చేరుతుంది. ఏడాదికి 650 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే మా సీమలో, ఆ దారులు ఎక్కడున్నాయో తెలుసుకోకుండా తవ్వడం నాకు భయం కలిగిస్తుంది.

బెలుం గుహల సంగతే చూడండి. కొలిమిగుండ్ల మండలంలో అవి ఏ కొండ కొమ్ము మీదా లేవు. చుట్టూ చదునైన పొలాలు. ఆ పొలాల మధ్య బావుల్లాంటి మూడు గుంతలు, అందులో నడిమి గుంత లోపలికి దారి. ఇరవై మీటర్లు కిందికి దిగితే అక్కణ్ణుంచి గుహ అడ్డంగా సాగిపోతుంది. కొలిచిన పొడవు 3,229 మీటర్లు. అందులో మనం చూడగలిగేది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. భూగర్భ సర్వేకే చెందిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1884లో దీని గురించి రాశాడు. తర్వాత సుమారు వందేళ్ళు దీన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. చుట్టుపక్కలవాళ్ళకు అది చెత్త పారబోసే గుంత. 1982, 83లో జర్మనీ నుంచి హెర్బర్ట్ డేనియల్ గెబావర్ బృందం వచ్చి లోపల పాక్కుంటూ, కొలుచుకుంటూ పటం గీసింది. లోపల ఒక గదికి ఇప్పటికీ ఆయన పేరే. రాష్ట్ర పర్యాటక సంస్థ బురద తీయించి, దారులు వేయించి, దీపాలు పెట్టించి 2002లో జనానికి తెరిచింది. కోటిలింగాల గదిలో నిలబడి పైకప్పు నుంచి వేలాడే సున్నపు ఊడల్ని చూసినవాళ్ళెవరూ ఆ సంస్థ చేసిన మేలును మరిచిపోరు.

నేను మిమ్మల్ని ఆలోచించమనేది ఇంకో సంగతి. పైన నడుస్తున్న రైతుకు కింద మూడు కిలోమీటర్ల గుహ ఉందని తెలిసే గుర్తు ఆ మూడు గుంతలు తప్ప ఇంకేమీ లేదు. ఆ గుంతలు కూడా ఎందుకు ఏర్పడ్డాయంటే అక్కడ గుహ పైకప్పు కూలింది కాబట్టి. పైకప్పు కూలని గుహలు మన కొలిమిగుండ్ల, అవుకు, బనగానపల్లె, బేతంచెర్ల మండలాల కింద ఎన్నున్నాయి? ఏ పొలం కింద ఉన్నాయి? ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఇప్పుడు పరికరాలున్నాయి. భూమిలోకి విద్యుత్తు పంపి నిరోధం కొలిచే పద్ధతి ఉంది, గురుత్వాకర్షణలో సూక్ష్మమైన తేడాను పట్టే పద్ధతి ఉంది. రెండూ మన విశ్వవిద్యాలయాలకు కొత్తేమీ కావు.

బెలుంలో అన్నిటికంటే లోతైన చోటు పాతాళగంగ. నేలమట్టానికి 46 మీటర్ల కింద సన్నని ధార పారుతూ వచ్చి రాతిలోకి మాయమైపోతుంది. అది రెండు కిలోమీటర్ల అవతల బెలుం ఊరి బావిలో తేలుతుందని ఊళ్ళో నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను తేలిగ్గా తీసుకోను. తరతరాలుగా ఆ బావి నీళ్ళు ఎప్పుడు పెరుగుతాయో, ఎప్పుడు రంగు మారతాయో చూసినవాళ్ళ మాట అది. నిజమో కాదో తేల్చడం కూడా కష్టమైన పని కాదు.

దీనికి జర్మనీలో ఒక పాత ఉదాహరణ ఉంది. డాన్యూబ్ నది పైభాగంలో ఒకచోట నీళ్ళు సున్నపురాయి నేలలోకి ఇంకిపోతాయి. అక్కడికి సుమారు 12 కిలోమీటర్ల దూరంలో ఆఖ్ అనే పెద్ద ఊట ఉంది. నది నీళ్ళే అక్కడ తేలుతున్నాయా అన్నది తగాదా. ఒకవైపు నది మీద ఆధారపడ్డ మిల్లులవాళ్ళు, మరోవైపు ఊట మీద ఆధారపడ్డవాళ్ళు. 1877లో అడాల్ఫ్ క్నోప్ అనే శాస్త్రవేత్త నది ఇంకే చోట ఉప్పు, నూనె, పచ్చగా మెరిసే ఫ్లోరెసీన్ రంగు పోయించాడు. సుమారు 60 గంటలకు ఊట నీళ్ళు పచ్చగా మెరిశాయి, ఉప్పగా కూడా మారాయి. తగాదాలో నిజమేదో అందరి కళ్ళకూ కనపడింది. దాదాపు 150 ఏళ్ళ కిందట చేయగలిగిన ఆ పనిని మనం ఎర్రమలలో చేద్దాం. ఇవాళ ఆ రంగు గ్రాముల్లో పోసినా, కంటికి కనపడనంత పలచబడినా పరికరం పట్టేస్తుంది. ఎవరి తాగునీరూ పాడు కాదు.

ఆ లెక్కలో ఇంకో మాట దాగి ఉంది. నీళ్ళు 60 గంటల్లో 12 కిలోమీటర్లు పోయాయి. ఇసుకలోనో, పగుళ్ళు తక్కువున్న గట్టిరాయిలోనో భూగర్భజలం అంత దూరం పోవడానికి ఎన్నో ఏళ్ళు పడుతుంది. ఆ మధ్యలో మట్టి, ఇసుక దాన్ని వడకడతాయి. గుహల దారిలో వడకట్టేదేమీ ఉండదు. ఇటు మురికి పోస్తే రెండు మూడు రోజుల్లో అటువైపు ఊరివాళ్ళ బిందెలో ఉంటుంది.

మీ శాఖకు వచ్చే పర్యావరణ నివేదికల్లో ఏముంటుందో మీకు తెలుసు. గని మధ్యలో సూది గుచ్చి 10 కిలోమీటర్ల వలయం గీస్తారు. ఆ వలయంలో బావులెన్ని, చెరువులెన్ని అని రాస్తారు. కేంద్రం రక్షించే కట్టడాలకైతే 100 మీటర్ల నిషేధం, దాని తర్వాత 200 మీటర్ల నియంత్రణ. గ్రానైట్ కొండకో, కోటగోడకో ఈ వలయాలు సరిపోతాయేమో. సున్నపురాయిలో నీళ్ళు వలయాలుగా పారవు. చీలిక ఎటుంటే అటు పోతాయి. గనికి అర కిలోమీటరు దూరంలో ఉన్న ఊట చెక్కుచెదరకుండా ఉండొచ్చు, పన్నెండు కిలోమీటర్ల అవతలి ఊట ఎండిపోవచ్చు. వలయం లోపల బావులన్నీ లెక్కపెట్టిన నివేదిక, ప్రభుత్వం దృష్టిలో సక్రమమైన నివేదిక, నిజంగా దెబ్బతినే ఊరి పేరు కూడా రాయకుండా ముగిసిపోవచ్చు. ప్రజాభిప్రాయ సేకరణకు ఆ ఊరివాళ్ళను పిలవనే పిలవరు.

యాగంటి గురించి మీకు కొత్తగా చెప్పనక్కర్లేదు. ఉమామహేశ్వరస్వామి కోనేటిలోకి కొండలోంచి వచ్చే ధార ఏడాది పొడవునా ఆగదు. ఎండాకాలంలో చుట్టూ బోర్లు నోళ్ళు తెరిచిన రోజుల్లో కూడా ఆ నీళ్ళలో స్నానం చేసి మెట్లెక్కే జనం ఉంటారు. అగస్త్య గుహ, వెంకటేశ్వరస్వామి గుహ, వీరబ్రహ్మం గారి గుహ, మూడూ సహజంగా ఏర్పడినవే. భక్తుడికి అది దేవుడి మహిమ. నా చదువు ప్రకారం అది కొండ పైన బల్లపరుపు నేల మీద పడిన వాన, నెలల తరబడి రాళ్ళ మధ్య నిలిచి, మెల్లగా దిగి వచ్చిన నీరు. రెండు మాటలకూ పోట్లాట లేదు. ఆ ధారను కాపాడాలంటే గుడి ప్రాకారం చుట్టూ కాపలా పెడితే చాలదు, పైన వాన పట్టే నేలను కాపాడాలి. ఆ నేల ఎంతమేర ఉందో మనం గీసి పెట్టుకోవాలి. మా ప్రాంతంలో బుగ్గ అని పిలిచే చిన్న ఊటలకు గుడి లేదు, ఉత్సవం లేదు. గొర్రెల కాపరులకూ, అడవి జంతువులకూ, కొన్ని తండాలకూ తెలుసు, అంతే. వాటి పేర్లు మొదట రాయాలి.

ఈ కొండ లోపల గుల్లగా, బలహీనంగా ఉన్న చోట్లున్నాయని ప్రభుత్వానికి డబ్బు ఖర్చుపెట్టి మరీ తెలిసింది. గాలేరు నగరి వరద కాలువ కోసం అవుకు దగ్గర జంట సొరంగాలు తవ్వేటప్పుడు బలహీనమైన రాతి పట్టీలు తగిలి, పైనుంచి మట్టీ రాళ్ళూ కూలి, పనులు ఏళ్ళ తరబడి ఆగాయి. మన ఇంజనీర్లు దాన్ని దాటుకుని రావడానికి పడిన కష్టం నీటిపారుదల శాఖ దస్త్రాల్లో ఉంది. 2015 చివర్లో కడప పక్కన చింతకొమ్మదిన్నె మండలంలో భూమి ఉన్నట్టుండి కుంగి పెద్ద పెద్ద గుంతలు పడితే జనం ఇళ్ళు వదిలి భయంతో బయట పడుకున్నారు. అక్కడ కూడా కింద సున్నపురాయే. ఏళ్ళ కరువులో బోర్లు నీళ్ళన్నీ తోడేశాక, కింది ఖాళీలకు ఆసరాగా ఉన్న నీటి ఒత్తిడి పోయింది. ఆ మీదట భారీ వాన పడి పైమట్టి జారింది. పెద్ద గని కూడా ఆ బోర్ల పనే చేస్తుంది: లోతైన గనిలో నీళ్ళు ఊరితే పని సాగదు కాబట్టి రాత్రింబవళ్ళు మోటార్లతో తోడిపోస్తారు. పైపైన బండలు లేపే చిన్న గనికీ, నీటిమట్టం దాటి దిగి మోటార్లతో నీళ్ళు తోడే పెద్ద గనికీ ఉన్న తేడా ఇదే. రెండింటినీ ఒకే కొలతతో కొలవకండి. మొదటిదాని మీద వందల కుటుంబాలు బతుకుతాయి, రెండోదానివల్ల వచ్చే నష్టం ఎక్కడో తేలుతుంది.

నీళ్ళ మాట ఇంతటితో ఉంచి, ఈ రాయి మన కోసం దాచిపెట్టిన ఇంకో ఆస్తి గురించి చెప్పాలి.

బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి. కొంత భాగం పైకప్పు కూలిపోయి ఆకాశం కనిపించే ఇరుకు లోయ, దాని గోడల్లో గుహల నోళ్ళు. 1844లో కెప్టెన్ న్యూబోల్డ్ ఇక్కడ ఎముకలు దొరికాయని రాశాడు. అప్పటికి సున్నపు గుహల్లో పాత జంతువుల ఎముకలుంటాయన్నది యూరప్ శాస్త్రవేత్తలు ఉత్సాహంగా చర్చిస్తున్న విషయం. తర్వాత నలభై ఏళ్ళు ఎవరూ కదలలేదు. చివరికి ఇంగ్లండులో ప్రసిద్ధ జీవశాస్త్రవేత్త టి.హెచ్. హక్స్‌లీ, మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు ఆ గుహలు తవ్వించమని సూచించాడు. గవర్నరు విన్నాడు. రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ వచ్చి 1883 నుంచి 1885 దాకా తవ్వారు. ఖడ్గమృగం ఎముకలు దొరికాయి. ఈరోజు గడ్డి కోసం గొర్రెలు కొట్లాడుకునే బేతంచెర్లలో ఒకప్పుడు ఖడ్గమృగం తిరిగింది. ఎముకతో చేసినవని ఫుట్ గుర్తించిన పనిముట్లు కూడా బయటపడ్డాయి.

2014లో ఇదే బిల్లసర్గంలో చేసిన కొత్త పరిశోధన ఫలితాలు వచ్చాయి. రెండు లక్షల ఏళ్ళ కాలంలో ఇక్కడి పాలిచ్చే జంతువుల రకాలు దాదాపు అన్నీ ఉపఖండంలో నిలిచి ఉన్నాయని ఆ శాస్త్రవేత్తలు చెప్పారు. ఇతర ఖండాల్లో పెద్ద జంతువులు మూకుమ్మడిగా అంతరించిన అదే కాలంలో ఇక్కడివి తట్టుకున్నాయి. వాతావరణం ఎన్నిసార్లు మారినా రకరకాల చోట్లు అందుబాటులో ఉండడం వాటిని కాపాడిందని వాళ్ళ అభిప్రాయం. ప్రపంచానికి పనికొచ్చే ఇంత పెద్ద సంగతి మన తాలూకాలోని మట్టిలో దొరికింది. ఆ మట్టి మిగిలి ఉండడానికి కారణం సున్నపురాయి. మన ఎర్రమట్టి, నల్లమట్టి పొలాల్లో ఎముక త్వరగా కుళ్ళిపోతుంది. గుహలో సున్నం కలిసిన నీళ్ళు దాన్ని రాయిలా బిగించి దాస్తాయి.

దగ్గర్లోనే ముచ్చట్ల చింతమాను గవి అనే గుహ. అక్కడ ప్రొఫెసర్ ఎం.ఎల్.కె. మూర్తి తవ్వకాల్లో బయటపడిన పొయ్యి సుమారు 17 వేల ఏళ్ళ నాటిదని తేలింది. ఇంకాస్త తూర్పుకు వస్తే జుర్రేరు లోయలో జ్వాలాపురం. ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో సుమారు 74 వేల ఏళ్ళ కిందట తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరిన బూడిద సముద్రం దాటి వచ్చి ఈ లోయలో పడింది. ఆ పొర కిందా పైనా కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రపంచానికి తెలిసింది. అంత ఘోరమైన పేలుడు తర్వాత కూడా ఈ లోయలో మనుషులు మిగిలి ఉండొచ్చన్న చర్చకు మూలం అదే. ఆ బూడిదను కూడా జనం తవ్వి అమ్ముకున్నారు. తవ్విన పల్లెవాళ్ళను నేను తప్పు పట్టను. దాని విలువేమిటో వాళ్ళకు చెప్పాల్సినవాళ్ళం చెప్పలేదు.

2025లో తిరుమల కొండలు, విశాఖ ఎర్రమట్టి దిబ్బలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. తెలుగువాడిగా సంతోషించాను. మేఘాలయలో మామ్లూ అనే సున్నపు గుహలో దొరికిన ఒక్క సున్నపు స్తంభం ఆధారంగా, 4,200 ఏళ్ళ కిందట మొదలైన కాలానికి 2018లో ప్రపంచ భూగర్భ శాస్త్రవేత్తలు మేఘాలయన్ అని పేరు పెట్టారు. ఆ స్తంభపు పొరల్లో అప్పటి వానల లెక్క ఉంది. మన గుహల్లోని ఊడల్లో, స్తంభాల్లో రాయలసీమ కరువుల లెక్క ఉండదని ఎవరు చెప్పగలరు? వాటిని కోసి చదివేలోగా కంకర మిషన్లో పడకూడదనే నా ఆరాటం.

ఇక మీరు చేయగలిగిన పనులు. నాపరాయి బండలు చిన్నతరహా ఖనిజం కింద రాష్ట్రం చేతిలోనే ఉన్నాయి. సిమెంటుకు వాడే సున్నపురాయి 2015 గనుల చట్ట సవరణ తర్వాత వేలంలో పోతోంది గానీ ఏ బ్లాకును వేలంలో పెట్టాలో ముందుగా పరిశీలించి పంపేది మళ్ళీ మీ శాఖే. అంటే పటం ముందు గీయించి తర్వాత బ్లాకు గీయడం మీ చేతిలో పని. అదే 2015 సవరణతో, గని యజమానులు కట్టే సొమ్ముతో నడిచే జిల్లా ఖనిజ ఫౌండేషన్లు వచ్చాయి. గనులవల్ల దెబ్బతిన్న ప్రాంతాల తాగునీటికీ, పర్యావరణానికీ మొదటి ప్రాధాన్యం ఇవ్వాలని దాని నియమం. ఊటల లెక్క, రంగు పరీక్ష, గుహల సర్వే ఈ రెండింటి కిందికీ వస్తాయి. నంద్యాల జిల్లా ఫౌండేషన్ డబ్బుతోనే మొదలుపెట్టవచ్చు, ఢిల్లీ వైపు చూడనక్కర్లేదు. రాష్ట్ర భూగర్భజల శాఖ, మన విశ్వవిద్యాలయాల భూగర్భశాస్త్ర విభాగాలు, భూగర్భ సర్వే హైదరాబాదు కార్యాలయం కలిసి చేయగల పని ఇది.

అంతకంటే ముఖ్యమని నేననుకునేది ఒకటుంది, దయచేసి శ్రద్ధగా వినండి. గనిలో పని జరుగుతుండగా అప్పుడప్పుడు పలుగు కింద ఖాళీ తగులుతుంది. చల్లగాలి పైకి తన్నుతుంది. రాయి వేస్తే శబ్దం లోతుగా వస్తుంది. గనుల్లో పనిచేసినవాళ్ళు చాలామంది ఇది చూశారు. అప్పుడేమవుతుంది? నాలుగు ట్రాక్టర్ల వ్యర్థపు రాళ్ళు తెచ్చి అందులో పోస్తారు, మరునాడు పని యథావిధిగా మొదలవుతుంది. ఎందుకంటే కబురు బయటికి పొక్కితే లీజు పోతుందని యజమానికి భయం, కూలి పోతుందని పనివాళ్ళకు భయం. మనం ఎన్నడూ చూడని గుహలు ఇలా పూడిపోయి ఉంటాయి. ఈ భయం తీసేసేలా నియమం తేండి. గనిలో గుహ బయటపడితే అక్కడ పని ఆపి నెలలోగా తెలియజేసినవాడికి, అంతే విస్తీర్ణం, అంతే నాణ్యత ఉన్న నేల ఇంకోచోట ఫీజులు లేకుండా ఇస్తామని రాసివ్వండి. పని ఆగిన రోజులకు కూలీలకు ఫౌండేషన్ నుంచి కూలి ఇప్పించండి. మొదట చూసి చెప్పిన మనిషి పేరు ఆ గుహ రికార్డులో నమోదు చేయించండి. దాచినవాడికి జరిమానా అప్పుడు వేయండి, న్యాయంగా ఉంటుంది. జరిమానాతో మొదలుపెడితే మాత్రం ఇంకా లోతుగా పూడుస్తారు.

పాలిష్ ఫ్యాక్టరీల స్లర్రీ గురించి ఒక్క మాట. మెత్తని ఆ తెల్లబురద రోడ్ల పక్కన, వంకల్లో పోసినప్పుడు కంటికి అసహ్యంగా ఉంటుందని అందరూ అంటారు. నాకు దిగులు వేరేచోట ఉంది. వాన వచ్చినప్పుడు అది వంక అడుగున ఉన్న సన్నని చీలికల్లోకి దిగి బిగుసుకుపోతుంది. వాన ఇంకే నోళ్ళు మూసుకుపోతాయి. మా వైపు ఒక వంకలో అలాగే జరిగింది. ఒకప్పుడు వరద వచ్చిన రెండో రోజుకు ఇంకిపోయే చోట ఇప్పుడు నీళ్ళు వారాల తరబడి నిలిచి దోమలు పుడుతున్నాయి, దిగువ బావులు మాత్రం నిండడం లేదు. ఒక్కో ఫ్యాక్టరీ వాడు విడిగా దీనికి దారి చూపలేడు. పాడుబడ్డ గుంతల్లో నీటి దారి లేనివి ఏవో పటం చూసి ఎంచి, స్లర్రీ పోయడానికి ప్రభుత్వమే కేటాయించాలి. ఇటుకలకు దాన్ని వాడేవాళ్ళకు రవాణా ఖర్చు భరించినా మంచిదే.

కొన్ని చోట్లను మాత్రం పటం వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే పక్కన పెట్టండి: బిల్లసర్గం లోయ, దానికి పైనున్న గట్టు, ముచ్చట్ల చింతమాను గవి ఉన్న కొండ, యాగంటి పైన వాన పట్టే బల్లపరుపు, బెలుం గుహ కొలిచిన దారులూ, అవి సాగే దిక్కులో ఉన్న పొలాలూ, జ్వాలాపురంలో మిగిలిన బూడిద పొరలు. వీటిలో కొన్నిటికి ఇప్పటికే ఏదో ఒక శాఖ రక్షణ ఉండొచ్చు. పర్యాటక శాఖ గుహ ద్వారం చూస్తుంది, దేవాదాయ శాఖ గుడి చూస్తుంది, పురావస్తు శాఖ తవ్వకం గుంత చూస్తుంది, అటవీ శాఖ చెట్లు చూస్తుంది. రాయి మాత్రం మీది. రాయిలోంచే అన్నీ కలిసి ఉన్నాయి కాబట్టి మిగతా శాఖలను ఒకచోట కూర్చోబెట్టాల్సింది మీరే.

రంగు పరీక్షకు సరైన సమయం సెప్టెంబరు, అక్టోబరు. అప్పటికి వానలు పడి కొండలోపల దారులు పారుతూ ఉంటాయి. ముందుగా వేసవిలోనే బావులు, బుగ్గలు, బోర్ల జాబితా రాసుకోవాలి. పారే నీళ్ళు ఇంకే చోట్లను జూలై వానల్లో గుర్తు పెట్టుకోవాలి. రంగు పోశాక వారం పదిరోజులు ప్రతి బావి దగ్గరా ఆరేసి గంటలకోసారి సీసాలో నీళ్ళు పట్టే మనుషులు కావాలి. నంద్యాల, బనగానపల్లె, డోన్ కాలేజీల పిల్లలు సంతోషంగా వస్తారు. నేను పాఠం చెప్పిన పిల్లల్లో ఇప్పుడు ఉపాధ్యాయులైనవాళ్ళు ఉన్నారు, వాళ్ళను కూడగట్టే బాధ్యత నాది.

ఉత్తర్వు రాసే ముందు బేతంచెర్లలో ఒకరోజు కూర్చోండి. కలెక్టరు కార్యాలయంలో కాకుండా గనుల దగ్గర, పని అయ్యాక సాయంత్రం పూట. పాత పనివాళ్ళను పిలిపించి, పలుగు కింద ఖాళీ ఎక్కడెక్కడ తగిలిందో అడగండి. పేరు రాయబోమని, ఎవరిమీదా కేసు పెట్టబోమని ముందే మాటివ్వండి. ఆ సాయంత్రం వాళ్ళు చెప్పే చోట్లే మన పటంలో మొదటి గుర్తులు.

ఇట్లు,
నంద్యాల జిల్లా వాసి,
భూగర్భశాస్త్ర అధ్యాపకుడు